మంజూరైన మనిషి

“కాదన్నారు” అని అతను చెప్పినప్పుడు ఆమె గిన్నెలు తోముతోంది. బ్యాంకునుంచి వచ్చి, చెప్పులు కూడా విప్పకుండా వంటింటి గుమ్మంలో నిలబడి, కాస్త జాలిగానూ, కాస్త ‘నేను ముందే చెప్పానుగా’ అన్నట్టూ ఆ ఒక్క మాటా అనేసి ముందు గదిలోకి వెళ్ళిపోయాడు. ఆమె నురగ చేతులతో అలాగే ఉండిపోయింది. పక్క గదిలో మంచం మీంచి అత్తగారు, “బ్యాంకువాళ్ళేమైనా వెర్రివాళ్ళా? ఎవరికివ్వాలో వాళ్ళకి తెలీదూ!” అంది. ఆమె పంపు తిప్పి గిన్నెలు కడిగి బోర్లించింది. ఇది ఏడేళ్ళ కిందటి సంగతి.

గిన్నెల పని ఆ పూటతో అయిపోయింది. ఆ మాట మాత్రం ఇంట్లోనే ఉండిపోయింది. పిలవని చుట్టంలా వచ్చి, వెళ్ళడం మరిచిపోయి, ఓ మూల చాప పరుచుకుని కూర్చుంది. ఆమె పొద్దున్నే లేచి పొయ్యి వెలిగిస్తే అదీ లేచేది. అత్తగారికి ఒళ్ళు తుడుస్తున్నా, పాప జడ వేస్తున్నా, అతని చొక్కాకి గుండీ కుడుతున్నా వెనకే నిలబడి చూసేది. అద్దంలో మొహం చూసుకుంటే చాలు, వాళ్ళకి ఏది నచ్చలేదో అని వెతుక్కోవడం మొదలుపెట్టేది ఆమె. సొంత దుకాణం పెట్టుకుంటాను, అప్పివ్వండని రాసిన దరఖాస్తులో చేతిరాత వంకరగా ఉందా? జీతం చీటీ చూసి నవ్వుకున్నారా? ఫొటోలో తను బెదిరిపోయినట్టుంది, అదేనా? బ్యాంకువాళ్ళు చదువుకున్నవాళ్ళు, లెక్క తెలిసినవాళ్ళు. వాళ్ళే చూసి కాదన్నారంటే తనలో ఏదో లోటు ఉండే ఉంటుంది. మొగుడు అంటే కోపం రావచ్చు, అత్త అంటే ఏడుపు రావచ్చు. ముక్కూమొహం తెలియని బ్యాంకు అన్న మాటకి ఏం చేస్తాం? నమ్ముతాం. ఆమె నమ్మింది.

ఆమె చేసేది కళ్ళద్దాల పని. బజారులో ఓ కళ్ళద్దాల దుకాణం వెనక గది, కిటికీ కింద బల్ల, బల్ల మీద అద్దాలు అరగదీసే మిషను. డాక్టరు రాసిన చీటీ చూసి, అద్దం మీద చూపు ఎక్కడ కుదరాలో అక్కడ సిరాచుక్క పెట్టి, తిరిగే రాయికి అద్దాన్ని ఆనించి, నీళ్ళు పడుతుంటే ఫ్రేము ఆకారానికి అంచు తీయాలి. వెంట్రుకవాసి తేడా వచ్చినా పెట్టుకున్నవాళ్ళకి మెట్లు రెండుగా కనిపిస్తాయి. పద్దెనిమిదేళ్ళుగా అదే పని. ఊళ్ళో సగంమంది పేపరు చదివేది ఆమె చేతి చలవతోనే. అయినా దుకాణం ముందు బోర్డు మీద యజమాని పేరే ఉంటుంది, పక్క మిషను మీద ఆమె దగ్గరే పని నేర్చుకున్నతనికి ఆమెకన్నా జీతం ఎక్కువే ఉంటుంది. “అతను ఇల్లు నడపాలి కదమ్మా” అనేవాడు యజమాని. ఆమె ఇల్లు దానంతటదే నడుస్తుంది కాబోలు! అడుగుదామని రెండుసార్లు నోటిదాకా వచ్చింది. రెండుసార్లూ లోపల్నుంచి ఆ చుట్టం, “కాదన్నారుగా” అని గుర్తు చేసింది. మాట మింగేసింది.

యజమానిని అందరూ పెద్దాయన అంటారు. చెడ్డవాడేం కాదు. ఈమధ్య ఆయన చేతులు వణుకుతున్నాయి. ఓ రోజు ఆమెని పిలిచి స్టూలు చూపించి, “దుకాణం వదిలేస్తున్నానమ్మా” అన్నాడు. పెద్ద కంపెనీ ఒకటి అడుగుతోందిట. వాళ్ళకి ముందు గది చాలు, అద్దాలు ఎక్కడో చేయించి తెప్పించుకుంటారు, వెనక గదితో పని లేదు. “నీ చేతిలో పెట్టి పోతే నాకు తృప్తి. కానీ ఊరికే ఇవ్వలేను తల్లీ, మా పిల్లలు ఒప్పుకోరు. నెలాఖరుదాకా ఆగుతాను. ఈలోగా ఎక్కడైనా అప్పు పుట్టించుకోగలవా?” అన్నాడు. అంటే నెలాఖరుకి దుకాణం తనదైనా కావాలి, తనకి పనన్నా పోవాలి. మధ్యలో ఇంకేమీ లేదు.

వారం రోజులు ఎవరికీ చెప్పలేదు. ఆఖరికి ఓ రోజు ఒంటిపూట సెలవు పెట్టి, జీతం చీటీలూ పాస్‌బుక్కూ సంచిలో వేసుకుని అదే బ్యాంకుకి వెళ్ళింది.

అప్పుల సీటులో ఉన్న ఆఫీసరు మర్యాదస్తుడే. కూర్చోమన్నాడు. ఆమె వెనక తలుపు వైపు చూసి, “మీవారు పార్కింగులో ఉన్నారా?” అన్నాడు.

“లేదండీ. నేనే వచ్చాను. అప్పు నాకే కావాలి.”

“ఆయనేం చేస్తారు?”

“నీటి పన్ను ఆఫీసులో గుమాస్తా. దుకాణం మాత్రం నేను తీసుకుంటున్నానండీ. పద్దెనిమిదేళ్ళ అనుభవం ఉంది. ఇవి నా జీతం చీటీలు.”

చీటీల వైపు చూడలేదు. “పిల్లలు?”

“ఒక పాప. పదమూడేళ్ళు.”

“ఒక్కతేనా? మరి ఇంకా...” అని ఆగాడు. ఆమెకి మొదట అర్థం కాలేదు. “అదేనమ్మా, రేపు మళ్ళీ నెల తప్పితే దుకాణం మూతపడుతుంది కదా. కంతులెవరు కడతారు? నేనడగడం కాదు, పైవాళ్ళు అడుగుతారు.” పైవాళ్ళు అన్నప్పుడు కప్పు వైపు చెయ్యి చూపించాడు. అక్కడ ఫ్యాను తిరుగుతోంది.

“ఫారం ఇస్తారా?” అంది.

“మీవారిని తీసుకురండి, అప్పుడిస్తాను. అనవసరంగా రాసి పారేయడం ఎందుకు? ఇదివరకు కూడా మీదొకటి ఇక్కడే ఆగిపోయినట్టుంది” అని కంప్యూటరులోకి తొంగిచూసి, “చూశారా, ఉంది” అన్నాడు.

తల కొట్టేసినట్టయింది. ఏడేళ్ళుగా ఇంట్లో మూల కూర్చున్న మాట, తనకన్నా ముందే వచ్చి ఇక్కడ కుర్చీ వేసుకుని కూర్చుంది.

బ్యాంకు గోడ పక్కన గొడుగు కింద టైపు మిషను పెట్టుకుని దరఖాస్తులు కొట్టిపెట్టే ఒకావిడ ఉంది. అందరూ టైపిస్టక్క అంటారు. నోరు పెద్దది, అద్దాల నంబరు అంతకన్నా పెద్దది. ఆ అద్దాలు చేసింది ఈమే. మెట్లు దిగి వస్తున్న మొహం చూసే, “ఏమన్నాడే?” అంది. ఈమె చెప్పింది. పిల్లల గురించి అడిగాడని చెప్పేటప్పుడు గొంతు తగ్గించింది, తప్పు తనే చేసినట్టు.

“ఫారం కూడా ఇవ్వలేదా! మహా తెలివైనవాడే. ఫారం ఇస్తే నువ్వు రాసిస్తావు. రాసిస్తే కాదనడానికి వాడూ రాసివ్వాలి. నోటితో పంపించేస్తే రేపు అసలు నువ్వు రానేలేదంటాడు” అని టైపిస్టక్క మిషనులో కాగితం ఎక్కించింది. “చూడమ్మాయ్, నీ జీతం మీద, నీ మిషను మీద తీసుకునే అప్పుకి మొగుడి సంతకం దేనికి? ఆయన ఇల్లు తాకట్టు పెడుతుంటే అడగమను, అర్థముంది. ఏ నిబంధనలో ఉందో రాతలో చూపించమందాం. ఇవ్వననేది ఉంటే ఎందుకో అదీ రాతలోనే చెప్పమందాం.”

“గొడవ పెట్టుకున్నట్టు ఉండదా అక్కా?”

“ఉంటే ఉంటుంది. పిల్లల గురించి అడిగింది గొడవ కాదు, ఎందుకని అడిగితే గొడవా? ఆ మాట ఆయన అన్నది అన్నట్టే రాసుకో. ఇవాళ్టి తేదీ, టైమూ వెయ్యి.” టకటకా కొడుతూనే, “నీ పేరు మీద పాత అప్పులేమైనా ఉన్నట్టు చూపిస్తున్నారేమో, ఆ చరిత్ర కూడా తెప్పించుకో. చాలామంది ఆడవాళ్ళకి తమ పేరు మీద ఏముందో తమకే తెలీదు. అన్నట్టు, ఆ ఆగిపోయింది అన్నాడే, అది ఎందుకు ఆగింది?”

“కాదన్నారు.”

“ఎందుకు కాదన్నారు?”

ఏడేళ్ళలో ఎందుకు కాదన్నారో తను ఒక్కసారి కూడా ఎవరినీ అడగలేదని అప్పుడే ఆమెకి తట్టింది. కారణాలన్నీ తనే కల్పించుకుంది. “అయితే దాని నకలు కూడా ఇమ్మందాం” అని టైపిస్టక్క ఇంకో వరస కొట్టింది. రెండు ప్రతులు తీసి, “ఒకటి వాళ్ళకి, రెండోదాని మీద ముద్ర వేయించుకుని నీ దగ్గర పెట్టుకో. ముద్ర లేకుండా మెట్లు దిగావంటే నా ఫీజు రెట్టింపు” అంది.

కాగితం చదివి ఆఫీసరు నీళ్ళు నమిలాడు. “ఇంత దూరం ఎందుకమ్మా, ఇది మనం మాట్లాడుకుంటే పోయేది” అన్నాడు. ఆమె రెండో ప్రతి ముందుకు జరిపింది. ముద్ర పడింది.

నాలుగు రోజుల తరవాత రికార్డు గదికి రమ్మని ఫోను చేశారు. అక్కడో ముసలి గుమాస్తా. అద్దాలు ఓ పక్కకి ఒరిగి, ఫైలు చదవడానికి తల వంచాల్సి వస్తోంది ఆయనకి. అది చూస్తుంటే ఆమె చేతులు ఊరుకోలేదు. “ఒక్కసారి ఇలా ఇవ్వండి” అని తీసుకుని, చెవి కొమ్మ కాస్త వంచి ఇచ్చింది. ఆయన పెట్టుకుని సంతోషపడిపోయి, ఇక ఆమె ఫైలు దుమ్ము దులిపి పేజీ పేజీ తిప్పాడు.

“మీరు ఫీజు వాపసు తీసుకున్నారమ్మా.”

“అవునండీ. కాదన్నారు కదా, అందుకని ఇచ్చేశారు.”

ఆయన తలెత్తాడు. “కాదంటే ఫీజు తిరిగివ్వరమ్మా. నా సర్వీసులో ఒక్కరికీ ఇవ్వలేదు. మేము సరేనన్నాక, అప్పడిగినవాళ్ళే ‘మాకొద్దు’ అని రాసిస్తే, అప్పుడిస్తారు” అని ఫైలు ఆమె వైపు తిప్పాడు.

తన దరఖాస్తు. తన చేతిరాత, వంకరేం లేదు, గుండ్రంగా ఉంది. దాని మీద ఏటవాలుగా ఆకుపచ్చ ముద్ర: మంజూరు. అడిగినంతా. ఒక్క పైసా తగ్గించలేదు. పక్కన ఎవరో ఆఫీసరు, ‘దరఖాస్తుదారు పనిమంతురాలు, సిఫారసు చేయడమైనది’ అని రాశాడు. దాని కింద ఇంకో కాగితం. ‘కుటుంబ పరిస్థితుల దృష్ట్యా నాకు ఈ అప్పు అవసరం లేదు. కట్టిన ఫీజు వాపసు ఇప్పించగలరు.’ రాత అతనిది. సంతకం తనది. చివరి అక్షరం దగ్గర సిరా తడిసి అలుక్కుపోయి ఉంది.

ఆ తడి ఆమెకి తెలుసు. ఆ సాయంత్రం కూడా గిన్నెల దగ్గరే ఉంది. “ఫీజన్నా వెనక్కి రప్పిస్తాను, ఇక్కడ పెట్టు” అని గట్టు మీద కాగితం పెట్టాడు. పైభాగం మీద అరచెయ్యి ఆనించాడు, కాగితం ఎగిరిపోకుండా కాబోలు అనుకుంది. ఆ ఇంట్లో ఆమె సంతకం ఎప్పుడూ అంతే, అతని వేలు ఎక్కడుంటే అక్కడ. చెయ్యి నడుముకి తుడుచుకుని పెట్టింది. ఆ వచ్చిన డబ్బుతో పాపకి బూట్లు, అత్తగారికి వేణ్ణీళ్ళ సంచీ కొంది. పోనీలే, ఆయన తిరిగి ఇంతైనా రాబట్టాడు అనుకుంది. అనుకోవడమేమిటి, థాంక్సు కూడా చెప్పింది.

రికార్డు గదిలో ముసలాయన మంచినీళ్ళు తెచ్చి పెట్టి, తనకేమీ తెలీనట్టు బీరువా సర్దుకోసాగాడు.

ఆ రోజునుంచి ఇంట్లోని పాత చుట్టం మాయమైంది. దాని చోట ఇంకొకామె వచ్చింది. ఏడేళ్ళ కిందట అప్పు మంజూరైన ఆమె. ఈమె బజారులో నడుస్తుంటే ఆమె రెండడుగులు ముందు నడుస్తుంది, చేతిలో దుకాణం తాళాలు. ఈమె వెనక గదిలో బల్ల దగ్గర వంగుంటే ఆమె ముందు గదిలో ఎవరితోనో నవ్వుతూ బేరం మాట్లాడుతుంటుంది. ఈమెకి నడుం నొప్పి, ఆమెకి లేదు. ఈమె ఎవరినైనా ఏదైనా అడగాలంటే గొంతు సవరించుకుంటుంది, ఆమె అడిగేస్తుంది. నెత్తురు ఒకటే, సంతకం ఒకటే. ఆమెని ఈమే తడిచేత్తో సంతకం పెట్టి చంపేసింది. చచ్చినామె ఊరుకోదు కదా, కిటికీ అవతల నిలబడి చూస్తోంది. కోపంగా చూసినా బాగుండేది. జాలిగా చూసేది.

అత్తగారు కూడా గుర్తొచ్చింది. పోయేదాకా ఐదేళ్ళు మంచంలోనే ఉంది ఆవిడ. ఎత్తడం, దించడం, తినిపించడం, గుడ్డలు మార్చడం, అన్నీ ఈమే. దుకాణంలో మధ్యాహ్నం భోజనం గంటలో ఇంటికి పరుగెత్తుకొచ్చి మళ్ళీ పరుగెత్తేది. ఆఖరి రోజుల్లో ఆవిడ ఓసారి ఈమె చెయ్యి పట్టుకుని, “నిన్ను నేనే కట్టేసుకున్నానే తల్లీ” అంది. జబ్బు మనిషి ఏదో అంటోంది అనుకుని దుప్పటి సర్దింది. ఇప్పుడు ఖాళీ మంచం దగ్గరికి వెళ్ళి నిలబడి, “అప్పుడే విడమరిచి చెప్పొచ్చుగా అత్తయ్యా” అంది పైకే. మంచం ఏం చెబుతుంది?

రెండు రోజులు ఆగి, ఓ సాయంత్రం అతను ఆఫీసునుంచి వచ్చి టీ తాగుతుంటే, రికార్డు గదిలో తీయించుకున్న ఆ నకలు బల్ల మీద పెట్టింది. అతను చూశాడు. గ్లాసు పక్కన పెట్టలేదు, ఇంకో గుక్క తాగాడు.

“ఇదంతా ఇప్పుడెందుకు తవ్వుతున్నావు?”

“ఎందుకు చేశారండీ?”

“ఎందుకేమిటి? అమ్మ పడిపోయి మూడు నెలలే అయింది. పాపకి ఆరేళ్ళు. నువ్వు దుకాణం పెట్టుకుని కూర్చుంటే వీళ్ళనెవరు చూస్తారు? మనిషిని పెట్టుకునే స్తోమతుందా మనకి? నీ మంచికే చేశాను. అమ్మ కూడా అదే అంది.”

“వద్దని నాతో చెప్పొచ్చుగా. బ్యాంకు కాదందని ఎందుకు చెప్పారు?”

అతను చిన్నగా నవ్వాడు. తన తెలివి తనకే ముచ్చటేసినట్టుంది. “నేను వద్దంటే ఊరుకునేదానివా? ఏడుపు, అలక, నెలరోజులు మాటలుండవు. బ్యాంకు కాదందంటే ఎవరి మీద అలుగుతావు? చూడు, అసలు గొడవే జరగలేదు.”

నిజమే, జరగలేదు. ఏడేళ్ళు ఆమె ఎవరి మీదా అలగలేదు. తన చేతిరాత మీద, తన ఫొటో మీద, తన జీతం మీద అలిగింది. ఒళ్ళు మండింది, కానీ మంట పైకి రాలేదు. ఈ మనిషి పక్కన పడుకుని, ఆ మాట తలుచుకుని తను ఎన్నిసార్లు ఏడ్చిందో. అతను వీపు నిమిరి, “పోనీలే, వాళ్ళకి మనుషుల్ని చూడ్డం చేతకాదు” అన్నాడు ఒకసారి. ఆ నిమిరిన చెయ్యి కూడా ఇదే.

“ఇప్పుడు నాకేం అభ్యంతరం లేదు. అమ్మ పోయింది, పాప ఎదిగింది” అన్నాడతను ఉదారంగా. “రేపు సెలవు పెట్టి నేనే వస్తాను. ఇద్దరి పేరు మీద తీసుకుందాం. ముందు నా పేరు, తరవాత నీది. ఆఫీసరు కూడా అదేగా అడిగింది? క్షణంలో అయిపోతుంది.”

క్షణంలో అయిపోతుందని ఆమెకీ తెలుసు. నెలాఖరుకి రెండు రోజులే ఉన్నాయి. ఇంత జరిగాక ఊగిందా అంటే, ఊగింది. ఆ సంతకంతో దుకాణం ఖాయం. అది లేకపోతే ఏమవుతుందో ఎవరూ చెప్పలేరు. బోర్డు మీద ఎవరి పేరుంటేనేం, రాయి తిప్పేది తనే కదా అని కూడా అనుకుంది. అనుకుంటూ కిటికీలోకి చూసింది. అవతల ఆమె లేదు. ఎక్కడికి పోయిందో, మొదటిసారి కనిపించలేదు. ఆ ఖాళీ చూస్తే, ఇంకోసారి చంపితే ఇంక తిరిగి రాదేమో అనిపించింది.

“నేనొక్కదాన్నే వెళ్తాను” అంది.

“ఇవ్వరు.”

“ఆ మాట వాళ్ళనే అననివ్వండి.”

మర్నాడు పొద్దున్న బ్యాంకులో ఆఫీసరు లేచి నిలబడి ఫారం చేతికిచ్చాడు. ముద్ర పడ్డ కాగితం మేనేజరు దాకా వెళ్ళిందిట. భర్త సంతకం కావాలనే నిబంధన ఎక్కడుందో వెతికారుట, దొరకలేదుట. “మీ ఒక్కరి పేరుతోనే పూర్తి చేయండి. రేపటికల్లా ఏ సంగతో రాతలోనే చెప్తాం. ఇస్తామని మాత్రం మాటివ్వలేను” అన్నాడు. ఆమె తలూపింది. కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చుని కలం తీసింది. పేరు. వయసు. వృత్తి: కళ్ళద్దాల తయారీ. అనుభవం: పద్దెనిమిదేళ్ళు. చెయ్యి పొడిగా ఉంది, రాత గుండ్రంగా వస్తోంది. ఆఫీసరు ఆమె భుజం మీంచి చూస్తూ, తొందర పెట్టకుండానే తొందర పెడుతున్నాడు.

రెండో పేజీలో ఓ ప్రశ్న దగ్గర ఆగింది. ‘ఇంతకు ముందు మీ అప్పు దరఖాస్తు తిరస్కరించబడిందా? అయితే తిరస్కరించినవారి పేరు, చిరునామా.’

“దానికి లేదని రాసేయండమ్మా” అన్నాడు ఆఫీసరు. “ఫైలు చూశాం కదా, మా బ్యాంకు మిమ్మల్ని ఎప్పుడూ కాదనలేదు.”

“తెలుసండీ” అంది ఆమె. ‘అవును’ అని రాసింది. పేరు దగ్గర తన భర్త పేరు పూర్తిగా, ఇంటిపేరుతో సహా రాసింది. చిరునామా దగ్గర తను కాపురముంటున్న ఇంటి నంబరు వేసింది.